గోల్కొండ ఇటు, భాగ్యనగరం అటు

1686 మార్చి. గోల్కొండ కోటలో రాత్రివేళ. సుల్తాను కొలువు ముగించుకుని మాదన్న, అక్కన్న ఇళ్లకు బయల్దేరారు. హనుమకొండ నుంచి వచ్చిన బ్రాహ్మణ సోదరులు వాళ్లు. గుమాస్తాగా మొదలైన మాదన్న పదేళ్లకు పైగా రాజ్యమంతా తన చేతుల మీద నడిపించాడు. సూర్యప్రకాశరావు అని బిరుదు. ఖజానా లెక్కలు, పరగణాల కౌళ్లు, మచిలీపట్నం రేవులో డచ్చివాళ్లతో బేరాలు, ఏది తేలాలన్నా ఆ ఇంటి గడప తొక్కాల్సిందే.

వీధిలో బానిసలు కత్తులతో కాచుకుని ఉన్నారు. వాళ్లను ఉసిగొల్పింది అంతఃపురమే. సరిమా, జానీ సాహెబా అనే పలుకుబడి గల ఇద్దరు స్త్రీల పేర్లను చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాసిపెట్టాడు. అన్నదమ్ములిద్దరినీ నడివీధిలోనే నరికేశారు. మేనల్లుడు రుస్తుంరావునీ వదల్లేదు. ఆ రాత్రి కోటలో వాళ్ల ఇళ్లు, వాళ్ల మనుషుల ఇళ్లు దోపిడీ అయ్యాయి. అక్కన్న తలను ఏనుగు కాళ్ల కింద తొక్కించారని అంటారు. మాదన్న తలను మాత్రం జాగ్రత్తగా మూటకట్టారు. అది మొగలు యువరాజు షా ఆలం చేతికి చేరింది. అక్కణ్నుంచి షోలాపూర్‌లో విడిది చేసిన ఔరంగజేబు దగ్గరికి వెళ్లింది.

ఆ తల పంపితే రాజ్యం దక్కుతుందని అంతఃపురం నమ్మింది. దక్కలేదు. ఏడాది తిరక్కముందే పాదుషా స్వయంగా కోట ముందు గుడారాలు వేశాడు.

అసలు ఆ తలకు అంత వెల ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఐదారు నెలలు వెనక్కి వెళ్లాలి. 1685 అక్టోబరులో షా ఆలం సేనలు హైదరాబాద్ మీదికి వచ్చాయి. కుతుబ్‌షాహీ సేనాపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీం శత్రువుతో కలిసిపోయాడు. కబురు తెలియగానే సుల్తాను అబుల్ హసన్, మనం తానీషా అని పిలుచుకునే మనిషి, రాత్రికి రాత్రి దొరికిన నగా నట్రా పట్టుకుని నగరం విడిచి గోల్కొండ కోటలోకి వెళ్లిపోయాడు. రాజు వెళ్లాడని తెలిసిన జనం పిల్లాజెల్లాతో ఆ వెనకే కోట వైపు పరుగులు తీశారు. తెల్లవారేసరికి నగరంలో దోపిడీ. రాజమహళ్లలోని తివాచీలు మోయలేనంత బరువుగా ఉంటే కత్తులతో ముక్కలు కోసి పంచుకున్నారట.

అప్పటికి హైదరాబాద్‌కు వందేళ్లయినా నిండలేదు. 1591లో పుట్టిన నగరం. దానికి పడమర పది కిలోమీటర్ల లోపే పాత రాజధాని గోల్కొండ. కోటలో సుల్తాను, నగరంలో శత్రువు. ఒకే రాజధాని రెండు ముక్కలైంది. అటు మక్కా మసీదు, బాద్‌షాహీ ఆషుర్‌ఖానా, మంత్రులు కొలిచిన మహంకాళి గుడి. ఇటు కోటలో జామా మసీదు, కొండ మీద ఇబ్రహీం మసీదు, బండరాళ్ల సందున జగదంబిక. తర్వాత షా ఆలంతో కుదిరిన సంధి షరతుల్లో కోటీ ఇరవై లక్షల రూపాయలు, సేడం, మల్ఖేడ్ పరగణాలతో పాటు అన్నదమ్ములను పదవుల నుంచి తప్పించడం కూడా ఉంది. తానీషా మొదటివి ఒప్పుకున్నాడు. మనుషుల విషయంలో మాత్రం రేపు మాపు అంటూ గడిపాడు. ఆ జాప్యాన్ని అంతఃపురం భరించలేకపోయింది.

*

నానక్‌రామ్‌గూడలో ఉండేవాళ్ల కోసం ఈ కథ రాస్తున్నాను. ఇక్కడి ఆఫీసు భవనాల పై అంతస్తుల నుంచి తూర్పుగా చూస్తే, ఆకాశం తేటగా ఉన్న రోజున, గోల్కొండ బాలాహిస్సార్ కనిపిస్తుంది. ఉద్యోగానికి వచ్చి ఏళ్లు గడిచినా ఆ కొండ ఎక్కనివాళ్లు ఎందరో. ఊళ్లోనే రంగ్‌బాగ్‌లో రంగనాథస్వామి గుడి ఉంది. వైకుంఠ ఏకాదశి నాడు ఉత్తర ద్వార దర్శనానికి తెల్లవారుజామునే వరసలు కడతారు. అక్కణ్నుంచి ఖాజాగూడ గుట్టలు దాటితే హుస్సేన్ షా వలీ దర్గా. హుస్సేన్‌సాగర్ తవ్వించిన మనిషిగా జనం గుర్తుపెట్టుకున్న వలీ ఆయన. సిటీ బస్సులో కండక్టరు ‘దర్గా’ అంటే ఎక్కడో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంకా తూర్పుకు పోతే షేక్‌పేట, ఆ తర్వాత ఏడు గుంబజ్‌లు, బంజారీ దర్వాజా, కోట. పది కిలోమీటర్ల దారి.

ఇదే దారి చుట్టుపక్కల 1687లో మొగలు సేన విడిది చేసింది. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణను సైనికులు బసగా వాడుకున్నారని చెబుతారు. తాతల సమాధుల దగ్గర శత్రువు పొయ్యిలు వెలిగిస్తుంటే బురుజుల మీద నుంచి చూస్తూ ఉండాల్సి రావడం ఎలాంటిదో ఊహించుకోండి.

రాజధాని చీలిపోతే గుళ్లూ మసీదులూ ఏమవుతాయన్న ప్రశ్నకు మన కాలంలో సైప్రస్ రాజధాని నికోసియా ఒక ఉదాహరణ. 1963 చివరలో ఒక బ్రిటిష్ సైనికాధికారి పటం మీద ఆకుపచ్చ పెన్సిలుతో గీత గీశాడు. 1974 యుద్ధంతో అది దాటరాని సరిహద్దయింది. ఉత్తరాన ఉన్న సెలిమియే మసీదు ఒకప్పటి సెయింట్ సోఫియా చర్చి. 1570లో తుర్కులు పట్టణం పట్టుకున్నాక మసీదయింది. దక్షిణాన ఒమెరియే మసీదుదీ అలాంటి కథే. ఉత్తరాన చిక్కుకుపోయిన ఆర్మీనియన్ల చర్చిని గ్రీకు, తుర్కు జాతుల వాళ్లూ కలిసి పనిచేసే కాలం వచ్చాక బాగుచేశారు. సుమారు యాభై ఏళ్ల తర్వాత 2014లో అక్కడ మళ్లీ ప్రార్థన జరిగింది. ఆ ఊళ్లో ఐక్యరాజ్యసమితి శాంతిసేనకు నాయకత్వం వహిస్తూ 1965 డిసెంబరు 18న కన్నుమూసిన జనరల్ తిమ్మయ్య కొడగు బిడ్డ. ఆయన సైనిక జీవితం పెరిగింది 19వ హైదరాబాద్ రెజిమెంటులో. నిజాం సొమ్ముతో బ్రిటిష్ వాళ్లు నడిపిన పాత సేనల్లోంచి పుట్టిన రెజిమెంటు అది. నికోసియాలో ఒక్క రోజులో అటూ ఇటూ తిరిగి రెండు వైపుల మందిరాలూ చూసి వచ్చేవాళ్లు ఆ ఊరి కథ మొత్తం విన్నట్టే. మనకూ అలా చూడాల్సిన కథ ఉంది. దాన్ని ‘వాళ్లది’, ‘మనది’ అని రెండుగా చెప్పుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

*

1687 జనవరి ఆఖరున ఔరంగజేబు కోటకు కొద్ది దూరంలో దిగాడు. అంతకుముందు సెప్టెంబరులోనే బీజాపూర్ పడిపోయింది. తానీషా మీద అతని ఆరోపణల్లో రెండు ముఖ్యం: అధికారమంతా బ్రాహ్మణుడి చేతిలో పెట్టడం, మరాఠా రాజు శంభాజీకి డబ్బు పంపడం. మొదటి ఆరోపణకు కారణమైన మనిషి తల అప్పటికే అతనికి ముట్టింది. అయినా సేన కదిలింది. సాటి ముసల్మాను రాజుల మీద యుద్ధం ధర్మం కాదన్న ఖాజీ షేక్ ఉల్ ఇస్లాం అంతకుముందే పదవి వదులుకుని వెళ్లిపోయాడు. తానీషాతో రహస్యంగా ఉత్తరాలు నడిపాడని సొంత కొడుకు షా ఆలంనే ఫిబ్రవరిలో పాదుషా ఖైదు చేయించాడు. ఈ యుద్ధాన్ని రెండు మతాల పోరుగా చెప్పేవాళ్లు ఈ ఇద్దరినీ ఎక్కడ పెడతారో నాకు అర్థం కాదు.

మొదటి రోజుల్లోనే పెద్ద దెబ్బ తగిలింది. కోట గుమ్మం మీదికి దూకిన వృద్ధ సేనాని ఖిలీచ్ ఖాన్ భుజాన్ని ఫిరంగి గుండు లేపేసింది. వజీరు అసద్ ఖాన్ పరామర్శకు వెళ్లేసరికి వైద్యులు భుజంలోంచి ఎముక ముక్కలు ఏరుతున్నారు. ఆయన మాత్రం కదలక మెదలక కూర్చుని, రెండో చేత్తో కాఫీ తాగుతూ, మంచి కుట్టుపనివాళ్లే దొరికారని కబుర్లు చెబుతున్నాడట. మూడు రోజులకు ప్రాణం పోయింది. సమాధి హిమాయత్‌సాగర్ దగ్గర ఉంది. ఆయన మనవడే తర్వాతి కాలంలో హైదరాబాద్ మొదటి నిజాం.

అగడ్త పూడ్చాలి. మట్టి నింపడానికి సంచులు కావాలి. ఔరంగజేబు వజూ చేసుకుని, మొదటి సంచి తన చేత్తో కుట్టాడని రాశారు. టోపీలు కుట్టిన చేయి అది. సూది కొత్త కాదు.

మే 16 రాత్రి ఫిరోజ్ జంగ్, ఖిలీచ్ ఖాన్ కొడుకు, నిచ్చెనలతో వచ్చాడు. కొందరు గోడ పైకి ఎక్కేశారు కూడా. కావలివాళ్లు నిద్రలో ఉన్నారు. కోటలో తిరిగే ఒక కుక్క వాళ్లను చూసి గట్టిగా మొరిగింది. ఆ అరుపుకు జనం లేచి, ఎక్కినవాళ్లను నరికి, నిచ్చెనలు తోసేశారు. కింద పాదుషాకు మాత్రం కోట దొరికిందని ముందే కబురు వెళ్లింది. విజయ భేరీలు మోగించబోయారు కూడా. తానీషా మర్నాడు ఆ కుక్కకు బంగారు గొలుసు, మెడకు రాళ్లు పొదిగిన పట్టీ వేయించి, తన దగ్గరే కట్టించుకున్నాడు. ఊరకుక్క పేరు చరిత్రలో లేదు గానీ దాని నగల లెక్క ఉంది.

జూన్‌లో మొగలులు బురుజుల కింద సొరంగాలు తవ్వి మందుగుండు దట్టించారు. లోపలివాళ్లు పసిగట్టి ఎదురు తవ్వి, మందు తీసేసి నీళ్లు పోశారు. మిగిలిన మందు పేలి బయటి వైపే విరుచుకుపడింది. వందల మంది మొగలు సైనికులు తమ మందుకే బలయ్యారు. దానికి తోడు వానలు. అంతకు ముందు ఏడాది పంటలు పోయి, కరువు, దాని వెంట మహమ్మారి. హైదరాబాద్ ఇళ్లల్లో, మూసీ ఒడ్డున శవాలు తీసేవాళ్లు లేరు. మొగలు గుడారాల్లోనూ అదే గతి. ఆకలికి, జబ్బుకు కోట గోడ అడ్డం కాలేదు. నగరం అటు ఉన్నవాళ్లూ ఇటు ఉన్నవాళ్లూ ఒకే విధంగా చచ్చారు.

దాదాపు ఎనిమిది నెలలు తిరిగినా ఫిరంగులకు లొంగని కోట సెప్టెంబరు 21న తెల్లవారుజామున బంగారానికి లొంగింది. అబ్దుల్లా పన్నీ అనే సర్దారు ఒక చిన్న తలుపు తీశాడు. రూహుల్లా ఖాన్ మనుషులు చీకట్లో లోపలికి వచ్చేశారు.

ఆ కోటలో లొంగనివాడు ఒకడున్నాడు, అబ్దుర్ రజాక్ లారీ. అంతకుముందు పాదుషా పెద్ద మన్సబు ఇస్తానని ఫర్మానా పంపితే, బురుజు మీద అందరూ చూస్తుండగా దాన్ని చింపేసి, కర్బలాలో నిలబడ్డవాళ్ల మాదిరి పోరాడతానని జవాబు పంపాడు. ఆ తెల్లవారుజామున జీను కూడా బిగించకుండా గుర్రమెక్కి, పది పన్నెండు మంది జట్టుతో తలుపు దగ్గరికి దూకాడు. ముఖం మీదే పన్నెండు గాయాలు. నుదుటి చర్మం కళ్ల మీదికి వేలాడింది. గుర్రం తనంతట తాను నగీనా బాగ్‌కు మోసుకుపోయి ఒక చెట్టు కింద దించింది. ఒంటి మీద డెబ్బై గాయాలు లెక్క తేలాయి. ఇలాంటివాడు ఇంకొక్కడు ఉంటే కోట దక్కేది కాదని అన్న ఔరంగజేబు, వైద్యం చేయడానికి ఇద్దరు వైద్యులను పంపాడు. ఒకరు ఐరోపావాడు, ఒకరు హిందువు. లారీ బతికాడు.

తానీషా దగ్గరికి మొగలు సర్దార్లు వచ్చేసరికి అతను కొలువుతీరి కూర్చున్నాడు. అంతఃపుర స్త్రీల దగ్గర సెలవు తీసుకున్నాడు. వచ్చినవాళ్లను మర్యాదగా పలకరించాడు. తిండి వేళ అయిందని పళ్లెం తెప్పించుకుని, వాళ్లనూ తినమన్నాడు. ఇలాంటప్పుడు ముద్ద ఎలా దిగుతుందని వాళ్లు విస్తుపోతే, ఇచ్చినవాడే తీసుకుంటున్నాడన్న భావంతో జవాబిచ్చాడు. తర్వాత మెడలో ముత్యాల దండ వేసుకుని గుర్రమెక్కి వెళ్లి, ఆ దండ తీసి యువరాజు ఆజం చేతిలో పెట్టాడు. దౌలతాబాద్ కోటలో ఏడాదికి యాభై వేల రూపాయల భత్యంతో బందీగా బతికి, అక్కడే పోయాడు.

*

రాజులు పోయారు. రాజధాని రెండు ముక్కలు మళ్లీ ఒకటయ్యాయి. మరి మందిరాలు?

మక్కా మసీదుకు పునాది 1617లో మహమ్మద్ కుతుబ్‌షా వేశాడు. కోట పడేనాటికి కట్టడం పూర్తి కాలేదు. దాన్ని 1694లో పూర్తి చేయించింది కోటను పట్టుకున్న ఔరంగజేబే. మొదలుపెట్టిన వంశం ఒకటి, ముగించిన వంశం ఇంకొకటి. ప్రార్థనకు వరసలో నిలబడేవాళ్లకు ఆ తేడా పట్టలేదు. 1590ల్లో మహమ్మద్ కులీ కట్టించిన బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకు అంత అదృష్టం లేదు. మొగలుల కాలంలో గుర్రాలు కట్టారని, చాలా కాలం మూతపడి ఉందని, రెండో నిజాం కాలంలో మళ్లీ తెరిచారని చెబుతారు. 1611 నాటి మెరుగు పలకల గోడలు లోపల ఇప్పటికీ కళ్లు చెదిరేలా ఉన్నాయి. వాటి కింది భాగం 1908 మూసీ వరదలో పోతే అక్కడ రంగులతో అదే మాదిరి వేయించారు. దగ్గరికి వెళ్లి చూస్తే ఏది పలక, ఏది రంగు అన్నది తెలిసిపోతుంది. వరద ఎంత ఎత్తున వచ్చిందో ఆ గీతే చెబుతుంది.

శాలిబండ హరిబౌలిలో అక్కన్న మాదన్న మహంకాళి గుడి. అన్నదమ్ములు గోల్కొండకు కొలువుకు వెళ్లేముందు ఇక్కడ మొక్కేవాళ్లని, వాళ్లు చనిపోయాక గుడి మూతపడిందని, గత శతాబ్దంలో మళ్లీ దీపం పెట్టారని స్థానికుల మాట. ఇప్పుడు పాతబస్తీ బోనాల ముగింపు రోజున ఈ అమ్మవారి ఘటాన్ని ఏనుగు మీద ఊరేగిస్తూ చార్మినార్ మీదుగా నయాపూల్ దాకా తీసుకెళ్తారు. ఏనుగు కాళ్ల కింద పడిందని చెప్పే ఆ తల కథ తెలిసినవాణ్ని కాబట్టి, ఆ ఊరేగింపు చూస్తున్నప్పుడు నా గొంతు పూడుకుపోతుంది.

ఇక కోటలో. కొండ ఎక్కే దారిలో చాలామంది చూడకుండా పోయేది రామదాసు చెర. భద్రాచలంలో రాముడికి గుడి కట్టించిన కంచర్ల గోపన్న, పాల్వంచ తహసీల్దారు, అక్కన్న మాదన్నల మేనల్లుడు. సర్కారు సొమ్ము గుడికి వాడాడని పన్నెండేళ్లు ఇక్కడ ఉంచారని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. గుమ్మం దగ్గర కాసేపు ఆగాలి. ఎండలోంచి వచ్చిన కంటికి మొదట ఏమీ కనిపించదు. పైకప్పులోని కంతలోంచి దిగే వెలుతురు మెల్లగా గోడను పట్టుకుంటుంది. అప్పుడు రాళ్లలో రాముడు, లక్ష్మణుడు, సీత, హనుమంతుడు కనిపిస్తారు. శిల్పి చేతి నైపుణ్యం కోసం వెతికితే దొరకదు. మొరటు గీతలు, గట్టి చెక్కడం. రోజూ దీపం నూనె తగిలి నల్లబడ్డ జిడ్డు. నాకు ఈ రాజ్యం మొత్తంలో ఇంతకన్నా విలువైన శిల్పం లేదు.

ఇంకా పైకి ఎక్కితే ఇబ్రహీం మసీదు మినార్లు. అది దాటితే రెండు పెద్ద బండల మధ్య జగదంబిక గుడి. హైదరాబాద్‌లో ఆషాఢ బోనాలు మొదలయ్యేది ఇక్కడే, ఆ తర్వాతే ఉజ్జయిని మహంకాళి, లాల్ దర్వాజా. మసీదుకూ గుడికీ మధ్య నడక కొన్ని నిమిషాలే. కింద బాలాహిస్సార్ దర్వాజా దగ్గరి జామా మసీదు ఇంకా పాతది, 1518 నాటిది. ఈ వంశానికి మూలపురుషుడు సుల్తాన్ కులీని 1543లో ఆ మసీదులోనే చంపించింది సొంత కొడుకు జంషీద్. అప్పుడు ప్రాణభయంతో పారిపోయి విజయనగరంలో రామరాయల దగ్గర తలదాచుకున్న తమ్ముడు ఇబ్రహీం, తిరిగి వచ్చి తెలుగు కవులను పోషించి, మన నోట మల్కిభరాముడయ్యాడు.

నానక్‌రామ్‌గూడ నుంచి బయల్దేరేవాళ్లకు ఒక్క రోజు చాలు. పొద్దున్నే కోట ఎక్కితే మెట్ల మీద ఎండ ఉండదు. మధ్యాహ్నానికి మూసీ దాటి మక్కా మసీదు, ఆషుర్‌ఖానా, హరిబౌలి. ఆషాఢంలో గురువారాలు, ఆదివారాలు కోటలో బోనాల రద్దీ ఉంటుంది, పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఇంకో రోజు చూసుకోవడం మేలు. పిల్లలను రామదాసు చెరలోకి తప్పకుండా తీసుకెళ్లండి. కోట గోడల మీద మేకులతో, తాళంచెవులతో గీకిన పేర్లు వందలు కనిపిస్తాయి. ఏ గోడ మీదైనా గీకడానికి ఎవరైనా చేయెత్తితే, వాళ్లు ఎవరైనా సరే, ఆపండి.